వధ్ర్యశ్వుని గుఱ్ఱములు

ఋగ్వేదమున ఆఱవ మండలమందలి అఱువదియొకటవ సూక్తము సరస్వతీ నదిని స్తుతించునది. ఆ నదీదేవత వధ్ర్యశ్వుడను యజమానునకు దివోదాసుడను కుమారుని ప్రసాదించెనని దాని మొదటి ఋక్కు చెప్పుచున్నది. దివోదాసుని పేరు చదువరులలో పెక్కుమంది వినియుందురు. అతని తండ్రి పేరునకు అర్థమేమని విచారించినవారు మాత్రము కొలదిమందియే యుందురు. వధ్రి యనగా విత్తుకొట్టబడినది. వధ్ర్యశ్వుడనగా విత్తుకొట్టిన గుఱ్ఱములు గలవాడు. మొదటి మండలమందలి ముప్పదిరెండవ సూక్తమునను ఈ మాటయే కలదు. ఇంద్రునితో సాటికి వచ్చిన వృత్రుని, వృషభమునకు సమానము కాగోరిన వధ్రితో అందు పోల్చిరి.

దీనినిబట్టి రెండు సంగతులు తేటపడుచున్నవి. పశువుల విత్తుకొట్టు పద్ధతి ఋక్కుల నాటికే మన పూర్వులెఱిగినది. ఆ పని పొందిన పశువునకు ఏమి పోవునో, దేనికొఱకు అది పరితపించునో వారు గమనించియుండిరి. సంతానము లేని గుఱ్ఱముల పేరు మోసినవానికి సంతానలాభము కలిగెనని చెప్పు ఆ ఋక్కును చదివినపుడు మాకొక ప్రశ్న తోచినది. విత్తుకొట్టిన గుఱ్ఱమునకు సంతానము నిజముగా అసంభవమా? ఇది గుఱ్ఱపుశాలల వారికి మాత్రమే పట్టిన ప్రశ్నయని త్రోసివేయరాదు. ఏ ప్రాణి తండ్రి కావలెను, ఏది కారాదు అను తీర్పు మనుష్యుడు ఎట్లు తన చేతిలోనికి తీసికొనెనో తెలుపు చరిత్ర దీనిలో ఇమిడియున్నది.

ఈ పద్ధతికి ప్రసిద్ధులైనవారు నల్లసముద్రపు ఉత్తరతీరము మొదలు ఆల్టాయి పర్వతముల వఱకు సంచరించిన సిథియనులు. వారును, వారి జ్ఞాతులైన సార్మేషియనులును గుఱ్ఱములకు విత్తుకొట్టుదురనియు, ఆ గుఱ్ఱములు చిన్నవియే యైనను మిక్కిలి చుఱుకై, చెప్పుచేతలకు లోబడనివగుటచే అట్లు చేయుదురనియు గ్రీకు భూగోళకర్త స్ట్రాబో వ్రాసెను. ఆల్టాయిలోని పజిరిక్ అను చోట సమాధులను 1929లో త్రవ్వ నారంభించినపుడు, ఇరువదినాలుగు శతాబ్దములకు పూర్వపు దొరలతో పాటు పూడ్చిన గుఱ్ఱములు మంచులో చెడక దొరకినవి. వానిలో పెక్కు విత్తుకొట్టినవే. స్ట్రాబో మాటకు భూమియే సాక్ష్యమిచ్చినది.

రోమకులలో వారో అను పండితుడు తన వ్యవసాయగ్రంథమున దారి నడకకు విత్తుకొట్టిన గుఱ్ఱములే నెమ్మదియైనవని చెప్పెను. యూరపు ఖండమున ఈ పని తూర్పునుండి వచ్చినదను తలంపు భాషలలో నిలిచిపోయినది. ఫ్రెంచివారు అట్టి గుఱ్ఱమును హంగరీదను అర్థమిచ్చు మాటతోను, జర్మనులు వలాకియా దేశపుదను అర్థమిచ్చు మాటతోను పిలుతురు. పారసీకమున దానికి అఖ్తా యని పేరు. మొగలుల కొలువున గుఱ్ఱపుశాలల పెద్దకు అఖ్తాబేగీ యను బిరుదు ఆ మాటనుండియే వచ్చినది.

మన తెలుగునాట ఈ పనిని జనులెఱిగినది గుఱ్ఱము వలన కాదు, ఎద్దు వలన. కోడెకు విత్తుకొట్టి ఎద్దును చేసి కాడికి కట్టుట, ఊరికొక్క ఆబోతును అచ్చువేసి విడిచిపెట్టుట మన రైతులకు తరతరములుగా తెలిసిన ఏర్పాటు. ఎద్దునకును ఆబోతునకును గల భేదము పల్లెలోని పిల్లవాడును చెప్పును. గుఱ్ఱమునందలి భేదమును ఆ ఉపమానముతోనే గ్రహింపవచ్చును.

ఈ శస్త్రముచే జరుగున దేమి? వృషణములు రెండు పనులు చేయును. ఒకటి శుక్రకణములను పుట్టించుట. రెండవది మగతనమునకు మూలమైన రసమును రక్తములోనికి విడుచుట. ఈ రెండవ పనిని మొదట పరీక్షించి నిరూపించినవాడు జర్మనీలోని గోటింజెన్ నగరపు ఆచార్యుడు బెర్తోల్డు. అతడు 1849లో కోడిపుంజుల వృషణములను తీసివేసి చూచెను. అవి కూతను, పోరును మాని, జుట్టు వాడి, పెట్టలవలె మెలగినవి. తీసిన వృషణమును మరల కడుపులో చేర్చిన పుంజులు మాత్రము పుంజులుగనే పెరిగినవి. అచ్చట నరముల సంబంధము తెగిపోయెను గనుక, రక్తము ద్వారా ఏదో ద్రవ్యము దేహమంతట వ్యాపించుచున్నదని తేలినది. ఆ ద్రవ్యమును 1935లో వేఱుచేసి టెస్టోస్టిరోను అని పేరిడిరి. ఆ యేటనే రసాయనశాలలలో దానిని తయారుచేసిరి. అందులకు పాటుపడిన బూటెనాంట్, రుజిచ్కా యను ఇరువురకు 1939లో నోబెలు బహుమతి ప్రకటించిరి.

కావున వృషణములను తీసివేసినపుడు శుక్రకణముల పుట్టుకయు, ఆ రసమును ఒక్కసారి ఆగును. అయినను అంతకుముందు పుట్టినవి అదే క్షణమున మాయము కావు. ఇచ్చట జనులలో రెండు పొరపాటు నమ్మకములు బయలుదేరినవి. ఆ రెంటిని విడదీసి చూపుట మా కర్తవ్యమని యెంచుచున్నాము.

మొదటిది, శస్త్రము జరిగిన దినమునుండియే గుఱ్ఱము బీజహీనమను నమ్మకము. ఇది తప్పని చెప్పినవాడు అరిస్టాటిలు. విత్తుకొట్టిన వెంటనే ఒక ఆబోతు ఆవును దాటగా దానికి చూలు నిలిచెనని అతడు వ్రాసి, నాళములలో మిగిలిన శుక్రమే అందులకు కారణమని వివరించెను. ఇరువదిమూడు శతాబ్దముల క్రిందటి ఆ వివరణము నేటి శాస్త్రమునకును సమ్మతమే. గుఱ్ఱమునందు శుక్రకణ మొకటి తయారగుటకు సుమారు 57 దినములు పట్టును. తయారైనవి వృషణమునంటిన మెలికల నాళమున ముదిరి, శుక్రవాహిక చివర ఉబ్బిన చోట నిలువయుండును. వృషణములును, మెలికల నాళమును పోయినను, ఆ చివరి చోట మిగిలిన కణములకు కొంతకాలము శక్తి యుండును. అందుచేత క్రొత్తగా విత్తుకొట్టిన గుఱ్ఱమును ఒక నెలకు తక్కువ కాకుండ ఆడుగుఱ్ఱములకు దూరముగా నుంచుడని పశువైద్యులు చెప్పుదురు. ఇది తెలియని యజమానులు తరువాత చూలు కనబడినపుడు శాలలోని పనివానిని నిందింతురు, లేదా శస్త్రము చేసినవానిని తిట్టుదురు. తప్పు వారిది కాకపోవచ్చును.

రెండవ నమ్మకము దీనికి విపరీతమైనది. విత్తుకొట్టిన గుఱ్ఱము ఆడుగుఱ్ఱమును చూచి సకిలించినను, దాటబోయినను, ఇతర గుఱ్ఱములపై కలహమునకు దిగినను, శస్త్రము సగమే జరిగినదని జనులు తలంతురు. వృషణమును కోసి మెలికల నాళమును కొంత విడిచినందున మగబుద్ధి మిగిలినదని గుఱ్ఱపు వర్తకులు చెప్పుదురు. ఆ నాళమున మగరసము పుట్టదు గనుక ఈ మాట నిలువదు. అమెరికాలో 1985లో ప్రకటింపబడిన ఒక పరిశోధనమున చిన్ననాడు విత్తుకొట్టిన గుఱ్ఱములను, యుక్తవయస్సు వచ్చిన పిదప విత్తుకొట్టినవానిని పోల్చి చూచిరి. రెండు తెగలలోను ఇంచుమించు నూటికి ఇరువది మొదలు ముప్పది వఱకు మగగుఱ్ఱపు చేష్టలు కలవియే. అనగా ఆ చేష్టలలో కొంత రసము లేకపోయినను స్వభావమున నిలుచును. చేష్ట వేఱు, బీజము వేఱు.

అయితే నిజముగా దాగిన వృషణము గల గుఱ్ఱములును కలవు. సాధారణముగా పుట్టుక నాటికి వృషణములు సంచిలోనికి దిగును. ఒక్కొక్కదానిలో ఒకటి కడుపులోనే నిలిచిపోవును. పైకి కనబడిన దానిని మాత్రము తీసి, విత్తుకొట్టినదని అమ్ము మోసగాండ్రు కలరు. కడుపులోని వేడికి శుక్రకణములు పుట్టవు గాని, మగరసము మాత్రము పుట్టుచునే యుండును. కొన్నవాడు దానిని సాధువనుకొని బండికి కట్టి ప్రమాదమునకు లోనగును. నేడు రక్తమును పరీక్షించి దాగిన వృషణమున్నదో లేదో నిర్ణయింపవచ్చును. అనుమానముతో గుఱ్ఱమును కొట్టుటకంటె, లేక బొంకు మాటను నమ్ముటకంటె, చెంచాడు రక్తమును పరీక్షకు పంపుట మేలు కదా!

ఇక ఈ శస్త్రపు బాధను గూర్చి ఒక మాట. శతాబ్దముల తరబడి గుఱ్ఱమును త్రాళ్లతో పడవేసి, కాళ్లు బంధించి, మత్తు లేకుండ కోసి, ఇనుము కాల్చి రక్తము నిలుపుచుండిరి. ఈథరు 1846లోను, క్లోరోఫారము 1847లోను మనుష్యుల శస్త్రములకు ఉపయోగమునకు వచ్చిన పిదప పశువులకును ఆ దయ అందుటకు మార్గమేర్పడినది. మన దేశపు 1960 నాటి పశుహింసా నివారణ చట్టము నిర్ణీత పద్ధతిని చేసిన విత్తుకొట్టుటను నేరముగా ఎంచదు. కాని పద్ధతి యను మాటలోనే ధర్మమంతయు నున్నది. మత్తిచ్చు సాధనముండగా దానిని వాడని చేతికి ప్రాచీనాచారము సమాధానము కానేరదు.

సంతానపు ప్రశ్నకు మరల వత్తము. విత్తుకొట్టిన గుఱ్ఱము కంచరగాడిదవంటిది కాదు. గుఱ్ఱపు కణమున 64, గాడిద కణమున 62 క్రోమోసోములుండగా, వాని సంకరమైన కంచరగాడిదకు 63 వచ్చి, బీజమేర్పడుటలోనే చిక్కు కలుగును. విత్తుకొట్టిన గుఱ్ఱమునకు అట్టి లోపము లేదు. దాని దేహమందలి ప్రతి కణమునను వంశలక్షణము చెక్కుచెదరక యున్నది. దానిని తరువాతి తరమునకు చేర్చు ద్వారము మాత్రమే మూయబడినది. ఈ భేదమును మఱవరాదు.

ఎవరు ఆ ద్వారమును మూయుదురు? ఎప్పుడు? సాధారణముగా కిశోరమునకు ఏడాది, రెండేండ్ల వయస్సున. అప్పటికి దాని గుణమెవరికిని తెలియదు. తండ్రి పేరును, తల్లి పేరును, పొగరును, కాళ్ల పొంకమును చూచి యజమానుడు తీర్పు చెప్పును. గుణము బయలుపడునప్పటికి తీర్పు అమలు జరిగిపోవును. న్యూజీలాండులో 1926లో పుట్టిన ఫార్ లాప్ అను గుఱ్ఱమును పందెముపై మనసు నిలుచుటకై చిన్ననాడే విత్తుకొట్టిరి. అది 51 పందెములలో 37 గెలిచి, 1930లో మెల్‌బోర్న్ కప్పును పొంది, 1932లో కాలిఫోర్నియాలో చనిపోయెను. దాని చర్మమును, గుండెను, ఎముకలను ప్రదర్శనశాలలలో భద్రపఱచిరి గాని, దాని సంతతి యని చూపుటకు ఒక్క కిశోరము లేదు. అమెరికాలోని కెల్సో యను గుఱ్ఱము 1960 నుండి 1964 వఱకు వరుసగా ఐదేండ్లు ఆ దేశపు మేటి గుఱ్ఱమని పేరొందినది, అదియు విత్తుకొట్టినదే.

ఇంగ్లండులోని ఎప్సం డర్బీ మొదలైన గొప్ప పందెములలో ఇట్టి గుఱ్ఱములకు ప్రవేశము లేదని నియమము చేసిరి. ఆ పందెములు ముందుతరమునకు తండ్రులను, తల్లులను ఏరుటకని వారి వాదము. అమెరికాలోని కెంటకీ డర్బీ యందు అట్టి నియమము లేదు. ఫనీ సైడ్ అను విత్తుకొట్టిన గుఱ్ఱము 2003లో దానిని గెలిచినది. తండ్రి కాజాలనిది పోటీలో మాత్రము ఎవరికిని తీసిపోలేదు.

తండ్రుల నేరుట ఎంత ఇఱుకుమార్గమైనదో ఇటీవలి పరిశోధనములు చూపినవి. తండ్రినుండి కొడుకునకు మాత్రమే వచ్చు వై క్రోమోసోమును పరీక్షింపగా, నేటి గుఱ్ఱములన్నియు మిక్కిలి కొలది పితృవంశములకు చెందినవని తేలినది. సిథియనుల కాలపు గుఱ్ఱముల ఎముకలనుండి తీసిన వంశద్రవ్యమును 2017లో పరిశోధకులు ప్రకటించిరి. వానిలో తండ్రివంశముల వైవిధ్యము నేటికంటె హెచ్చుగానే యుండెను. విత్తుకొట్టుటలో పేరుమోసిన ఆ జాతివారే పెక్కు మగగుఱ్ఱములను సంతానమునకు విడిచియుండిరన్నమాట. వంశమును సన్నగిల్లజేసినది కత్తి యొక్కటే కాదు. కొన్ని పేర్లకే గౌరవము కట్టబెట్టి, తక్కినవానినన్నిటిని త్రోసిరాజనిన తరువాతి కాలపు దురభిమానము అంతకంటె హెచ్చు చేసినది.

మూసిన ద్వారమును మరల తెఱచుటకు మన కాలపు శాస్త్రము రెండు మార్గములను కనుగొన్నది. మొదటిది సులభమైనది. శస్త్రము చేసిన దినముననే, తీసిన వృషణములనంటిన మెలికల నాళమునుండి శుక్రకణములను సేకరించి గడ్డకట్టించి దాచవచ్చును. తరువాత కొన్నేండ్లకు గుఱ్ఱము గొప్పదని తేలినచో, ఆ దాచిన బీజముతో సంతానమును పొందవచ్చును.

రెండవది మిక్కిలి ఆశ్చర్యకరమైనది. గుఱ్ఱపు చర్మమునుండి ఒక కణమును తీసి, కేంద్రకము తొలగించిన అండములో దానిని చేర్చి, ఆ పిండమును ఒక ఆడుగుఱ్ఱపు గర్భమున పెంచి, మొదటి గుఱ్ఱమునకు కవలయనదగిన కిశోరమును పుట్టించుట ఈ పద్ధతి. ఇటలీలోని క్రెమోనా నగరమున 2003 మే 28వ తేదీన ప్రొమెటియా యను ఆడుకిశోరము ఇట్లు పుట్టినది. లోకమున మొదటి ప్రతిరూపాశ్వ మదియే. దూరపు పరుగులో 1994లోను, 1996లోను ప్రపంచవిజయమును తెచ్చిన పియెరాజ్ అను విత్తుకొట్టిన గుఱ్ఱమునకు 2005లో ప్రతిరూపము పుట్టినది. 1988 నాటి సియోల్ ఒలింపిక్కులలో రెండు వెండి పతకములకు కారణమైన జెమ్ ట్విస్ట్ అను గుఱ్ఱము 2006లో చనిపోగా, దాని ప్రతిరూపము 2008లో పుట్టినది. ఈ ప్రతిరూపములకు విత్తుకొట్టలేదు. పందెమునకు గాక తండ్రులగుటకే వానిని పెంచిరి. అండమునిచ్చిన ఆడుగుఱ్ఱపు మైటోకాండ్రియా ప్రతిరూపమున చేరును గాని, అది తల్లుల ద్వారానే సంక్రమించును గనుక మగ ప్రతిరూపపు పిల్లలకు రాదు. అందుచేత ఆ పిల్లలు వంశలక్షణముచే విత్తుకొట్టిన ఆ మొదటి గుఱ్ఱపు పిల్లలే యనవచ్చును. మా ప్రశ్నకు సమాధానమిదియే.

ఇట్లని మేము ఈ మార్గమును వేనోళ్ల కొనియాడుటలేదు. ప్రొమెటియా యొక్కతె పుట్టుటకు 841 పిండములను కట్టవలసివచ్చెను; తొమ్మిది ఆడుగుఱ్ఱముల గర్భములలో పిండముల నుంచిరి; నిలిచిన నాలుగు చూళ్లలో పండినది ఒక్కటియే. ప్రతిరూపమునకు పుట్టుకతో వచ్చునది లక్షణము మాత్రమే. శిక్షణము, పోషణము, రౌతు చేతి నేర్పు దానితో రావు. అంతర్జాతీయాశ్వక్రీడాసంఘము 2007లో ప్రతిరూపములను నిషేధించి, 2012లో ఆ నిషేధమును తొలగించినది. జాతిగుఱ్ఱపు పందెములవారు మాత్రము వానిని తమ పుస్తకములలో చేర్చుకొనరు.

తుదకు ఈ చరిత్రలో మమ్ము కలవరపెట్టిన ఘట్టమును చెప్పి ముగింతుము. గ్రీకు గ్రంథకర్త జెనోఫను తాను వ్రాసిన సైరసు చరిత్రలో ఒక వాదమును చెప్పించెను. పొగరుబోతు గుఱ్ఱములు విత్తుకొట్టినపుడు కఱచుట, ఎగురుట మానునే గాని యుద్ధమునకు పనికిమాలవు. అట్లే విత్తుకొట్టిన మనుష్యులు విశ్వాసపాత్రులగు సేవకులగుదురు అని సైరసు యోచించి, తన దేహరక్షణమునకు వారినే పెట్టుకొనెనట. గుఱ్ఱపుశాలనుండి అంతఃపురమునకు దూర మెంత స్వల్పమో చూడుడు! ఆ దూరమును ఆధునికులును దాటిరి. గాల్టను 1883లో యూజెనిక్సు అను పేరు పెట్టినపుడు పశువుల పెంపకమే అతని కన్నుల యెదుట నుండెను. అమెరికాలో ఇండియానా రాష్ట్రము 1907లో బలవంతపు వంధ్యాకరణమునకు శాసనము చేసెను. ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము 1927లో అట్టి శాసనమును సమర్థించెను. జర్మనీలో 1933 నాటి శాసనము క్రింద లక్షలకొలది జనులు సంతానహీనులైరి. మన దేశమున 1976లో జనసంఖ్యను తగ్గించు నెపమున బీదలను నిర్బంధించి శస్త్రములు చేసిరి. ఉద్దేశములు వేఱుగా చెప్పబడినను, అడుగున నున్నది ఒక్కటియే: ఎవడు తండ్రి కావలెనో, ఎవతె తల్లి కావలెనో తీర్పు చెప్పు అధికారము తమకున్నదను అహంకారము.

గుఱ్ఱపు విషయముననే ఆ తీర్పు ఎన్నిమాఱులు తప్పెనో ఫార్ లాప్, కెల్సో, జెమ్ ట్విస్టులు చెప్పుచున్నవి. శాల నెఱిగిన నిపుణులు, పుస్తకములు చేతబట్టుకొని, లాభమే లక్ష్యముగా చూచిన తీర్పు అది. అయినను ఏడాది కిశోరములో దాగిన గుణమును కనుగొనలేకపోయిరి. అట్టివారి వారసులు మనుష్యశిశువులో దాగినదానిని కనుగొందురని ఎట్లు నమ్మవచ్చును? పశువునకు ఈ శస్త్రము కొన్ని చోట్ల తప్పనిసరి కావచ్చును. శాలలో పోరు తగ్గి, అక్కఱలేని కిశోరములు పుట్టి దిక్కులేక చావకుండుటకు అది తోడ్పడును. అట్లు చేయువారు మత్తునిచ్చి, నిపుణుని చేత చేయించి, ఒక నెల ఓపికపట్టి, వీలున్నచో బీజమును దాచుదురు గాక. మనుష్యుని విషయమున మాత్రము కత్తి పట్టువాని యిష్టము గాక, ఆ దేహము ఎవరిదో వారి సమ్మతియే ధర్మము. ఈ రెండు హద్దులను ఎఱిగిన గృహస్థులు తమ పిల్లలకును ఎఱిగింతురని మా విశ్వాసము.